ఒకటో నంబరు ఎవరు?

మా బాబాయి మనవడు ఇంగ్లండులో ఎమ్మెస్ చదువుతున్నాడు. 2024 డిసెంబరు ఆఖర్లో ఇంటికి ఫోన్ చేశాడు. చలి గురించీ తిండి గురించీ చెప్పాల్సినవన్నీ చెప్పాక, ‘తాతయ్యా, నా రూములో ఇద్దరు రెండ్రోజుల్నుంచీ మాట్లాడుకోవట్లేదు’ అన్నాడు. ఏమైందిరా అంటే, ఆ ఏడాది బ్రిటన్ బాక్సర్లలో ఒకటో నంబరు ఎవరన్న దగ్గర మాటా మాటా వచ్చిందట. ఒకడు డేనియల్ డుబోయ్ అన్నాడు. రెండోవాడు టైసన్ ఫ్యూరీ అన్నాడు. అంతే, చెరో మూలా కూర్చున్నారు.

ఏడాది ఆఖరికి అక్కడ ఇది మామూలేనట. పేపర్లు, పత్రికలు, టీవీలు అన్నీ ‘ఈ ఏడాది మేటి పదిమంది’ అంటూ జాబితాలు వేస్తాయి. వాటిని చూసి జనం కొట్టుకుంటారు. మనకి సినిమా హీరోల విషయంలో జరిగేదే.

మైలవరంలో బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని ఈ సంగతంతా విన్నాం. బాబాయి ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, ‘అది సరే అబ్బాయ్, మనోళ్లలో ఎవరు ఒకటో నంబరు?’ అన్నాడు.

నేను వెంటనే ‘నిఖత్ జరీన్’ అన్నాను.

‘ఆ పేరు నాకూ తెలుసు. ఎందుకో చెప్పు. ఆ తర్వాత రెండెవరో, మూడెవరో కూడా చెప్పు.’

అక్కడ దొరికిపోయాను. పేరు చెప్పడం తేలికే. ఎందుకో చెప్పడమే కష్టం. ఈ వారం కబుర్లన్నీ ఆ కష్టం గురించే.

టేపు ఉన్న ఆట, టేపు లేని ఆట

మా బాబాయికి బాక్సింగ్ తెలీదు. ఎద్దులు తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఒంగోలు జాతి గిత్తల్ని మేపి, తిరునాళ్లకి బండలాగుడు పోటీలకి తోలుకెళ్లినవాడు. ఆ పోటీల సంగతి మా మెట్ట ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. అన్ని ఎద్దుల్నీ ఒకే గాటన కట్టరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఇంకొకటి, నాలుగు పళ్లవి మరొకటి, ఆరు పళ్లవి ఆపైన. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన టైములో ఎంత దూరం లాగాయో టేపు పెట్టి అడుగుల్లో కొలుస్తారు. నాలుగు అడుగులు ఎక్కువ లాగిన జతకి మొదటి బహుమతి. దాని మీద తగాదా ఏముంటుంది?

‘బాక్సింగ్‌లోనూ అంతే బాబాయ్’ అన్నాను. ‘ఎద్దుకి పళ్లు చూసినట్టు బాక్సర్ని తూకం వేస్తారు. యాభై కిలోలవాళ్లు యాభై కిలోలవాళ్లతోనే ఆడతారు.’

‘బాగుంది. మరి టేపు?’

టేపు లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పరుగు పందెంలో గడియారం ఉంది. హైజంపులో కర్ర ఉంది. బాక్సింగ్‌లో ఎదుటివాడు పడిపోతే సరే, ఎవరికీ అనుమానం ఉండదు. పడకపోతే జడ్జీలు చెప్పాలి. ఇప్పుడు ఒలింపిక్స్‌లో రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు కూర్చుంటారు. రౌండు మూడు నిమిషాలు, మొత్తం మూడు రౌండ్లు. రౌండు గెలిచారనుకున్నవాళ్లకి పది మార్కులు, రెండోవాళ్లకి తొమ్మిదో అంతకంటే తక్కువో వేస్తారు. పేపర్లో ‘5-0తో గెలుపు’ అని చూసినప్పుడు అవి అయిదు గుద్దులు కావు, అయిదు పాయింట్లూ కావు. అయిదుగురు జడ్జీలూ ఒకళ్లకే ఓటేశారని అర్థం. 3-2 అంటే ఇద్దరు జడ్జీల కళ్లకి ఓడినవాళ్లే గెలిచినట్టు కనిపించారన్నమాట.

కళ్లు పొరబడతాయి. ఒక్కోసారి పొరబడ్డట్టు నటిస్తాయి కూడా. 1988 సియోల్ ఒలింపిక్స్ సంగతి బాక్సింగ్ చూసేవాళ్లెవరూ మర్చిపోరు. ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్, కొరియా బాక్సర్ పార్క్ సి హున్ తలపడ్డారు. తగిలిన గుద్దులు లెక్కేస్తే జోన్స్‌వి 86, పార్క్‌వి 32. జడ్జీలు 3-2తో పార్క్ గెలిచాడన్నారు. విచిత్రమేమిటంటే, ఆ ఒలింపిక్స్ మొత్తానికీ మేటి బాక్సర్ అని ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం జోన్స్‌కే ఇచ్చారు. అందరిలోకీ మేటి, కానీ పసిడి రాలేదు! ఆ గొడవ పుణ్యమా అని 1992 బార్సిలోనా నుంచి మీటలు నొక్కి గుద్దులు లెక్కపెట్టే కంప్యూటర్ పద్ధతి పెట్టారు. దాంతోనూ తృప్తి లేక 2013లో దాన్ని తీసేసి, మళ్లీ పది మార్కుల పద్ధతికే వచ్చారు.

ఒక్క బౌటులో ఎవరు గెలిచారో చెప్పడమే ఇంత కష్టమైతే, ఏడాది మొత్తానికి ఎవరు గొప్పో చెప్పడం ఎంత కష్టం?

ఇంగ్లండు తగాదా

మనవడి రూములో తగాదానే చూడండి. డుబోయ్ 2024 సెప్టెంబరు 21న లండన్ వెంబ్లీ స్టేడియంలో, 96 వేల మంది చూస్తుండగా ఆంథొనీ జాషువాని అయిదో రౌండులోనే పడగొట్టాడు. జాషువా అంటే మాటలా? 2012 లండన్ ఒలింపిక్స్ పసిడి విజేత, రెండుసార్లు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. ఇక ఫ్యూరీ సంగతి. అదే ఏడాది మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఉక్రెయిన్ వీరుడు ఉసిక్ చేతిలో ఓడాడు. రెండుసార్లూ పన్నెండు రౌండ్లూ నిలబడి, పాయింట్ల మీద ఓడాడు.

గెలిచినవాణ్ని ముందు పెట్టాలన్నది ఒకడి వాదన. అందరికన్నా గొప్పవాడి ముందు పన్నెండు రౌండ్లు నిలబడ్డవాణ్ని ముందు పెట్టాలన్నది రెండోవాడి వాదన. ఇద్దరి మాటలోనూ పస ఉంది. 2025 జూలై 19న అదే వెంబ్లీలో డుబోయ్ ఉసిక్‌తో తలపడి, అయిదో రౌండులోనే చేతులెత్తేశాడు. ఫ్యూరీ పక్షం కుర్రాడు ఆ రోజు ఎంత సంబరపడ్డాడో నేను వేరే చెప్పక్కర్లేదు. అయినా 2024 జాబితాకి 2025 ఓటమి లెక్కలోకి రాదు. ఏడాది జాబితాకి ఆ ఏడాదే హద్దు.

జాబితాలన్నీ ఇంత అమాయకంగా ఉండవు. ‘ది రింగ్’ అని అమెరికాలో 1922లో మొదలైన పత్రిక ఉంది. బాక్సింగ్ లోకంలో దాని జాబితాకి వేదవాక్కులాంటి పేరు. 1977లో డాన్ కింగ్ అనే ప్రమోటరు టీవీ కోసం పెద్ద టోర్నమెంటు పెట్టి, బాక్సర్లని ఆ పత్రిక ర్యాంకుల్ని బట్టి తీసుకున్నాడు. కొన్నాళ్లకి తేలిందేమిటంటే, కొందరు బాక్సర్ల ఖాతాలో ఎప్పుడూ జరగని గెలుపులు రాసి ఉన్నాయి! టోర్నమెంటు మధ్యలోనే ఆగిపోయింది. పత్రిక పరువు పోయింది.

బాబాయి ఇది విని, ‘అంటే పాలపళ్ల గిత్తకి ఆరు పళ్లు రాశారన్నమాట’ అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

జాబితా దారికి అడ్డం పడితే

ఇంతవరకూ కాలక్షేపం. ఇక్కడి నుంచి కాదు.

ఏడాది చివర పేపర్లో వేసే జాబితా వల్ల ఎవరికీ నష్టం లేదు. నచ్చకపోతే పేపరు పక్కన పడేస్తాం. కానీ కొన్ని జాబితాలు బౌటుకి ముందే తయారవుతాయి. ఎవరు రింగులోకి వెళ్లాలో, ఎవరు ఇంటి దగ్గర కూర్చోవాలో అవే తేలుస్తాయి. ఆ జాబితాల్ని అందరికన్నా ఎక్కువ ఎదుర్కొన్న తెలుగమ్మాయి నిఖత్ జరీన్.

ఆమె 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. చిన్నప్పుడు తండ్రి జమీల్ అహ్మద్ ఆమెని మైదానానికి తీసుకెళ్లేవారు. అక్కడ అన్ని ఆటల్లో ఆడపిల్లలు కనిపించారు గానీ బాక్సింగ్‌లో కనిపించలేదు. ఎందుకని అడిగి, తనే చేతికి గ్లవ్స్ తొడుక్కుంది. 2011లో, పదిహేనేళ్లు కూడా నిండకముందే, టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజానికి గాయమై చాలాకాలం రింగుకి దూరమైంది. ఆ తర్వాత 2019లో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ పసిడితో తిరిగొచ్చింది.

అప్పుడు ఎదురైంది జాబితా. 51 కిలోల్లో ఒలింపిక్ క్వాలిఫయింగ్ పోటీలకి ట్రయల్స్ లేకుండా మేరీ కోమ్‌నే పంపాలన్న ఆలోచన వచ్చింది. మేరీ కోమ్ చిన్న పేరేం కాదు. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, ఒలింపిక్ పతక విజేత. ఎవరు జాబితా వేసినా పైనే ఉండాల్సిన మనిషి. నిఖత్ కూడా కాదనలేదు. 2019 అక్టోబరులో అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకి బహిరంగంగా లేఖ రాసింది. అందులో ఆమె అడిగింది ఒక్కటే: పోటీ పెట్టండి. తనని ముందు పెట్టమని అడగలేదు.

పోటీ పెట్టారు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో మేరీ కోమ్ 9-1తో నిఖత్‌ని ఓడించింది.

‘మరి ఓడిపోయిందిగా! అంత గోల దేనికి?’ అంటారు కొందరు. అప్పట్లో చాలామంది అన్నారు. నాకు మాత్రం నిఖత్ కథలో ఆమె గెలిచిన రోజులకన్నా ఈ రోజే పెద్దది అనిపిస్తుంది. జాబితా చెప్పినట్టే జరిగింది, నిజమే. కానీ జరిగింది రింగులో. కాగితం మీద ఓడినవాళ్లకి ఎందుకు ఓడామో తెలీదు, ఏం దిద్దుకోవాలో కూడా తెలీదు. రింగులో ఓడినవాళ్లకి తెలుస్తుంది.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ని 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ తర్వాత ఆ ఘనత సాధించిన అయిదో భారతీయ మహిళ. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల పసిడి. 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాం అమ్మాయి న్యుయెన్ థి టామ్ మీద 5-0తో గెలిచి రెండోసారి ప్రపంచ టైటిల్.

ఇంత చేశాక కూడా ఇంకో జాబితా అడ్డొచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్‌కి సీడింగ్ లేదు. సీడింగ్ అంటే గట్టివాళ్లు మొదట్లోనే ఒకరి మీద ఒకరు పడకుండా డ్రాలో దూరం దూరంగా పెట్టడం. అది లేకపోవడంతో రెండో బౌటులోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. వూ యూ ఎవరనుకున్నారు? 2023లో ఢిల్లీలో నిఖత్ 50 కిలోల్లో పసిడి గెలిచిన అదే పోటీల్లో 52 కిలోల పసిడి గెలిచిన మనిషి. ఇద్దరు ప్రపంచ ఛాంపియన్లు ప్రీక్వార్టర్స్‌లోనే ఢీకొన్నారు. నిఖత్ 0-5తో ఓడింది. వూ యూ చివరిదాకా వెళ్లి పసిడి పట్టుకుపోయింది.

సీడింగ్ ఉంటే నిఖత్ గెలిచేదని నేననను. ఆ రోజు వూ యూ మెరుగ్గా ఆడింది. కానీ ఆ బౌటు సెమీస్‌లోనో ఫైనల్లోనో జరిగి ఉంటే, అక్కడిదాకా వచ్చినవాళ్లకి ఓడినా పతకం ఉండేది. రెండో బౌటులో ఓడితే ఇంటికి టికెట్టే. డ్రా కాగితం మీద రెండు గీతల మధ్య తేడా అది.

పైగా ర్యాంకు ఉంటే అంతా సాఫీగా సాగుతుందనీ లేదు. టోక్యో ఒలింపిక్స్‌కి మన అమిత్ పంఘాల్ 52 కిలోల్లో ప్రపంచ ఒకటో ర్యాంకుతో వెళ్లాడు. 2021లో జరిగిన ఆ పోటీల్లో మొదటి బౌటులోనే కొలంబియా బాక్సర్ మార్టినెజ్ చేతిలో ఓడి వెనక్కొచ్చాడు. ర్యాంకు అనేది నిన్నటిదాకా జరిగిన దాని లెక్క. ఇవాళ్టి బౌటుకి అది పూచీ పడదు.

సరే, మన జాబితా

బాబాయి ఊరుకోలేదు. ‘ఇన్ని చెప్పావు, జాబితా మాత్రం చెప్పలేదు’ అన్నాడు. అందుకని మూడు సూత్రాలు పెట్టుకున్నాను. ఒకటి: ఎన్ని పతకాలన్నది కాదు, ఎవర్ని కొట్టి తెచ్చుకున్నారు. రెండు: ఏ స్థాయి పోటీలో. మూడు: వాళ్ల కాలంలో వాళ్లకి ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక్క ఏడాదికని గిరి గీస్తే మనకి జాబితా నిండదు. అందుకే 2000 తర్వాతి కాలమంతా కలిపి చూశాను.

ఒకటో స్థానం నిఖత్‌ది. దీనికి పోటీ లేదు. రెండు సీనియర్ ప్రపంచ టైటిళ్లు ఇంకే తెలుగు బాక్సర్‌కీ లేవు. పైగా ఆమెకి పడి లేవడం తెలుసు. టర్కీ బాక్సర్ బుసె నాజ్ చాకిరోగ్లుని 2022 స్ట్రాంజా సెమీస్‌లో 4-1తో ఓడించింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో అదే చాకిరోగ్లు చేతిలో 0-5తో ఓడింది. ఇక అయిపోయిందనుకుంటుండగా రెండు నెలలకే గ్రేటర్ నోయిడాలో ప్రపంచకప్ ఫైనల్స్ 51 కిలోల పసిడి గెలిచింది.

రెండో స్థానం దగ్గర ఇంట్లో చీలిక వచ్చింది.

బాబాయి మహ్మద్ హుసాముద్దీన్ అన్నాడు. పేరు నేను చెప్పాకే అన్నాడనుకోండి. నిజామాబాద్ కుర్రాడు, ఆర్మీలో చేరినవాడు. 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు రెండింట్లో కాంస్యాలు. 2023 మే నెలలో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో 57 కిలోల విభాగంలో సెమీస్ చేరాడు. మోకాలి గాయం వల్ల ఆ సెమీస్ ఆడలేక కాంస్యంతో ఆగిపోయాడు. క్యూబా బాక్సర్‌తో ఆ బౌటు జరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు వచ్చింది. మగవాళ్ల 57 కిలోల విభాగమంటే ప్రపంచంలో మూలమూలల నుంచీ వచ్చి పడతారు. అక్కడ పతకమంటే ఆషామాషీ కాదు.

బాబాయి మనవరాలు ఇంటర్ చదువుతోంది. అప్పటిదాకా పుస్తకం ముందేసుకుని మా మాటలు వింటున్న పిల్ల తలెత్తి, ‘మావయ్యా, ఉషగారిని ఎందుకు మర్చిపోయారు?’ అంది.

మర్చిపోలేదు గానీ, రెండో స్థానానికి అనుకోలేదు. విశాఖపట్నం బాక్సర్ నగిశెట్టి ఉష 2006లో, 2008లో ప్రపంచ పోటీల్లో రజతాలు తెచ్చింది. రెండుసార్లూ ఫైనల్ దాకా వెళ్లిందన్నమాట. 2020లో కేంద్రం ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చింది. అంతకుముందు ఆమె పేరు ఎంతమంది విన్నారు?

ఇక్కడ మూడో సూత్రం పనికొచ్చింది. ఉష ఆ పతకాలు తెచ్చిన రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగే లేదు. 2012 లండన్‌లో గానీ అది రాలేదు. ఆసియా క్రీడల్లోకి 2010లో, కామన్వెల్త్ క్రీడల్లోకి 2014లో వచ్చింది. టీవీలో జనం చూసే మూడు పెద్ద తలుపులూ ఆమె మంచి వయసులో ఉండగా మూసే ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక్క తలుపులోంచి రెండుసార్లు వెండి తెచ్చింది.

‘పతకాలు లెక్కపెడితే ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తలుపులు లెక్కపెడితే ఉషగారే ముందు’ అంది పిల్ల. బాబాయి కాసేపు ఆలోచించి, ‘అప్పట్లో ఆడవాళ్ల పోటీల్లో జనం తక్కువ గదా’ అన్నాడు. ఆ మాటా నిజమే. ప్రపంచ పోటీలు ఆడవాళ్లకి మొదలైందే 2001లో. పోటీ చిక్కగా లేదన్నది ఒక వాదన. దారే లేని చోట నడిచిందన్నది ఇంకొక వాదన. చివరికి నేను పిల్ల వైపే ఓటేశాను. ఉష రెండు, హుసాముద్దీన్ మూడు. బాబాయి ఇప్పటికీ ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోనక్కర్లేదు.

నాలుగో పేరు కాకర శ్యామ్‌కుమార్. ఇతనూ విశాఖవాడే, 49 కిలోల బాక్సర్. 2017లో థాయ్‌లాండ్ అంతర్జాతీయ టోర్నీలో పసిడి గెలిచాడు. ఫైనల్లో ఎదురు రావాల్సింది రియో ఒలింపిక్స్ పసిడి విజేత, ఉజ్బెకిస్తాన్ బాక్సర్ హసన్‌బోయ్ దుస్మతోవ్. గాయమని అతను తప్పుకోవడంతో పసిడి శ్యామ్‌కుమార్ మెడలో పడింది. దీన్ని గెలుపుగా లెక్కేయాలా, అదృష్టంగానా? ఫైనల్ దాకా వచ్చింది అతని చేతులే. ఆ మీదటిది అదృష్టం. హుసాముద్దీన్‌కి గాయం వల్ల చేజారింది, శ్యామ్‌కుమార్‌కి గాయం వల్ల కలిసొచ్చింది. టేపు లేని ఆటలో ఇవీ జాబితాలోకి వచ్చి కూర్చుంటాయి.

నాలుగు పేర్లు, రెండు ఊళ్లు

జాబితా కాగితం మీద రాసి చూసుకున్నాక ఒక సంగతి కనిపించింది. నాలుగు పేర్లున్నాయి. ఊళ్లు మాత్రం రెండే. నిఖత్, హుసాముద్దీన్ నిజామాబాద్. ఉష, శ్యామ్‌కుమార్ విశాఖపట్నం.

ఇంత పెద్ద తెలుగు నేలలో రెండే ఊళ్లకి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? నీళ్లలో ఏమీ లేదు. నిజామాబాద్‌లో సంసాముద్దీన్ అనే కోచ్ ఉన్నారు. హుసాముద్దీన్ ఆయన కొడుకే. నిఖత్ తొలి పాఠాలు ఆయన దగ్గరే నేర్చుకుంది. విశాఖలో స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రం ఉంది. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న ఐ.వి.రావు అక్కడ శిక్షణ ఇచ్చారు. నిఖత్ కూడా 2009లో అక్కడికే వెళ్లి ఆయన దగ్గర చేరింది. అంటే జాబితాలో ఒకటో పేరుకి రెండు ఊళ్ల చెయ్యీ ఉంది.

ఇంగ్లండులోనూ ఇదే కథ. షెఫీల్డ్ ఊళ్లో బ్రెండన్ ఇంగిల్ అనే ఐర్లండ్ మనిషి పేటలోని పిల్లల్ని చేరదీసి ఒక చిన్న జిమ్ నడిపాడు. నసీమ్ హమీద్, జానీ నెల్సన్, జూనియర్ విట్టర్, కెల్ బ్రూక్ అని నలుగురు ప్రపంచ ఛాంపియన్లు ఆ ఒక్క గదిలోంచి వచ్చారు. తేడా ఏమిటంటే, అక్కడ అలాంటి గదులు ఊరూరా ఉన్నాయి. అందుకే వాళ్ల జాబితా పదిమందితో ఆగదు, తగాదాలూ ఆగవు. మనది నాలుగో పేరు దగ్గరే నసుగుతుంది.

మన పిల్లల్లో సత్తా లేకనా? మా మెట్టలో మామిడి తోటల్లో బుట్టలు మోసే పిల్లల భుజాలు చూస్తే ఎవరూ ఆ మాట అనలేరు. వాళ్లని తూకం వేసి, గ్లవ్స్ తొడిగి, ఎదురుగా ఇంకొకళ్లని నిలబెట్టే మనిషి కావాలి. ఆ మనిషి లేని ఊరు ఏ జాబితాకీ ఎక్కదు.

కాడి కట్టనివ్వాలి

చివరగా ఒక మాట. బాబాయి మనవరాలు ఊరికే ఉషగారి పక్షం పట్టలేదు. అది తర్వాత తెలిసింది.

ఈ పిల్ల హైస్కూల్లో కబడ్డీ బాగా ఆడేది. పదో తరగతిలో ఉండగా ఒక చోట సెలక్షన్లన్నారు. తెల్లారుజామున లేచి, రెండు బస్సులు మారి తాతామనవరాళ్లు వెళ్లారు. మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టి, ఆడించకుండానే పేర్లు చదివేశారు. కాగితం ముందే టైపు చేసి ఉంది. పిల్ల పేరు లేదు. ఎవర్ని అడిగినా పైవాళ్లని అడగమన్నారు. తిరుగు బస్సులో పిల్ల ఏడవలేదట, మాట్లాడలేదట. ఇంటికొచ్చి బూట్లు అటక మీద పెట్టేసింది. కబడ్డీ అంతటితో సరి.

‘ఓడిపోయుంటే బాగుండేది మావయ్యా’ అంది ఆ రోజు అరుగు మీద. ‘ఓడిపోతే ఇంకా గట్టిగా ఆడాలనిపించేది. అసలు ఆడనే లేదు కదా.’

బాబాయి చుట్ట వెలిగించుకోబోయి ఆగిపోయాడు. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుంటే, ఆయనే అన్నాడు: ‘ఎద్దు ఎంత దూరం లాగుతుందో తర్వాత సంగతి. ముందు కాడి కట్టనివ్వాలి గదరా. కాడే కట్టకుండా టేపు పట్టుకుని నిలబడితే ఏం కొలుస్తాడు?’

జాబితాల మీద నేను చెప్పగలిగింది కూడా అంతే. ఏడాది చివర ఎన్ని జాబితాలైనా వేసుకోండి. ఇంట్లో నలుగురూ నాలుగు వేసుకుని వాదించుకోండి, బాగుంటుంది. మా జాబితా నచ్చకపోతే హుసాముద్దీన్‌ని రెండుకి తీసుకెళ్లండి, ఏం కొంప మునగదు. కానీ మీరు స్కూల్లో పీఈటీ మాస్టారైనా, సెలక్షన్ కమిటీలో కుర్చీ ఉన్నవారైనా, ఆట ముగియకముందు మాత్రం పేర్లు టైపు చేయకండి. మేరీ కోమ్ అంతటి మనిషి కూడా రింగులోకి దిగి, గెలిచి, తన పేరు రాయించుకుంది.

మొన్న బాబాయి ఇంటికి వెళ్తే అటక కింద నిచ్చెన వేసి ఉంది. ఏం దింపుతున్నారంటే, పాత సామాన్లు అంది పిన్ని. గుమ్మం దగ్గర ఒక జత బూట్లు ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. ఎవరివని నేను అడగలేదు.